వెన్నులో ఇంటిదొంగ

నడుమునొప్పి ఎరగని సంసారం లేదు. బిందె ఎత్తినా వస్తుంది, బస్సు కుదుపుకూ వస్తుంది. చాలామందికి క్రమంగా సర్దుకుంటుంది. అలాకాక పడుకున్నా తగ్గక, రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వక, వారాలతరబడి ముదిరే నొప్పి వేరు. వెన్నుపూసల మధ్య మెత్తలవలె అమరిన డిస్కులలో క్రిములు చేరడం దానికొక కారణం. జ్వరం వచ్చితీరాలనే నియమం లేదు.

మనదేశంలో ఇటువంటప్పుడు ముందుగా క్షయను అనుమానిస్తారు. వెన్నెముక క్షయను పర్సివల్ పాట్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1779లోనే వర్ణించాడు. అనుమానం సబబే, కాని ప్రతిసారీ దోషి క్షయక్రిమి కాదు. మన చర్మంమీద, వెంట్రుకల కుదుళ్ళలో కాపురముండే క్యూటిబాక్టీరియం ఏక్నిస్ ఒక్కొక్కప్పుడు డిస్కులో దూరుతుంది. మొటిమలతో సంబంధమున్న క్రిమి ఇదే. వెన్నుకు ఆపరేషన్ జరిగినవారిలో, లోపల మరలు, కడ్డీలు అమర్చినవారిలో దీని భయం ఎక్కువ.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇదీ అంతే. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే రక్తపరీక్షలు ఒక్కొక్కసారి మామూలుగానే ఉంటాయి. ఎం.ఆర్.ఐ. చెడినచోటు చూపుతుందేగాని, చెడగొట్టినదెవరో చెప్పలేదు. అందుకే స్కానింగులో చూస్తూ సూదితో డిస్కునుంచి చిన్నముక్క తీసి, ప్రయోగశాలలో క్రిమిని పెంచుతారు. మామూలు క్రిములు ఒకటి రెండు రోజులలో కనబడతాయి. ప్రాణవాయువంటే గిట్టని ఈ క్రిమి తాపీగా పెరుగుతుంది. 10 నుంచి 14 రోజులు కనిపెట్టుకొని ఉండాలి. అయిదోరోజున ఏమీ లేదని పారవేస్తే దొంగ తప్పించుకున్నట్లే!

క్రిమి దొరికినా చిక్కు తీరదు. సూది చర్మాన్ని దాటి వెళ్ళిందికదా, పైనున్న క్రిమే దానికి అంటుకొని ఉండవచ్చు. అందుచేత ఒకటికి మించి ముక్కలు తీస్తారు. రెండు మూడింటిలో అదే క్రిమి కనిపించి, సూక్ష్మదర్శినిలో వాపు జాడలూ తేలితే నేరం రుజువైనట్లే. తరవాత సాధారణంగా ఆరువారాలపాటు తగిన మందు ఇస్తారు. లోహపు అమరికలుంటే ఇంకా ఎక్కువకాలం పడుతుంది.

ఈ దర్యాప్తుకు పెద్ద అడ్డంకి తొందరపాటు. ముక్క తీయకముందే యాంటీబయాటిక్ వేసుకుంటే సాక్ష్యం చెరిగిపోతుంది. పరీక్షలేకుండా నెలలతరబడి క్షయమందులు మింగితే, దోషి వేరైనప్పుడు కాలమూ, డబ్బూ, వెన్నుబలమూ నష్టమే.

అలాగని ప్రతి నడుమునొప్పికీ ఈ మందులు కోరరాదు. దీర్ఘకాలపు నొప్పికి యాంటీబయాటిక్ బాగా పనిచేసిందని 2013లో డెన్మార్కు వైద్యులు ప్రకటించారు. 2019లో నార్వేలో జరిగిన పరీక్షలో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు.

మీయింట ఎవరికైనా ఇటువంటి నొప్పి ఉంటే, పాత ఆపరేషన్లూ, వాడిన మాత్రలూ దాచకుండా డాక్టరుగారికి చెప్పండి. కాళ్ళు బలహీనపడినా, మూత్రం బిగిసినా, తీవ్రజ్వరంతో మనిషి వాడిపోయినా మాత్రం ఒక్కపూటకూడా ఆగక ఆసుపత్రికి చేర్చండి. ఓర్పు ప్రయోగశాలలో ఉండవలసినది. ఆపద ముంచుకొచ్చినప్పుడు కాదు.