ఏకులబుట్టంత తల్లి

“ఏనుగంత తండ్రికన్న ఏకులబుట్టంత తల్లి నయ”మను సామెతను వినని తెలుగు ఇల్లాలుండదు. ఈ సామెతనే తన కథల సంపుటమునకు పేరుగా నుంచిన రచయిత్రి గోగు శ్యామలగారు. వీరు 1969లో తాండూరు ప్రాంతమందలి పెద్దేములు గ్రామమున జన్మించిరి. 2016లో వికారాబాదు జిల్లా ఏర్పడువరకు ఆ యూరును, మా మైలార్‌దేవ్‌పల్లియు ఒక్క రంగారెడ్డి జిల్లాలోనివే. నేడు కాటేదాను కర్మాగారముల చెంత, శంషాబాదు విమానముల మ్రోతలో కాపురముండు మాకును ఈ కథలలోని పలుకుబడి పరాయిదిగా తోపలేదు.

రచయిత్రి కలమునకు బలమెచ్చటినుండి వచ్చును? శ్యామలగారి విషయమున దాని మూలము మాదిగవాడలో నున్నది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. అన్నగారు దొరవద్ద వెట్టి చేసిరి. ముగ్గురు సంతానములో పైచదువు దక్కినది వీరికొక్కరికే. అట్టి చదువు ఒక్కరి సొత్తు కాదు. ఇంటిల్లిపాది చెమటయు దానిలో నున్నది.

విద్యార్థిదశలో వీరు వామపక్షోద్యమమున పనిచేసిరి. 1985లో కారంచేడునందును, 1991లో చుండూరునందును దళితులు హతులైన పిదప, కూలిరేట్లను గూర్చియే కాక కులమును గూర్చియు నిలదీయవలెనను మాట రాష్ట్రమంతట బలపడినది. దళితోద్యమమున స్త్రీ గొంతును, స్త్రీల ఉద్యమమున దళితస్త్రీ గొంతును వినబడవలెనని పట్టుబట్టినవారిలో శ్యామలగారొకరు. హైదరాబాదులోని ‘అన్వేషి’ స్త్రీల పరిశోధన కేంద్రమున పనిచేసిరి, తెలంగాణోద్యమమునందును పాల్గొనిరి.

అయినను ఆ పోరాటము వీరి కథలలో ఉపన్యాసముగా రాదు. ఒక కథలో, కూతురిని జోగినిగా చేయవలెనని ఊరిపెద్దలు నిర్ణయింపగా, తండ్రి ఆ పిల్లను రహస్యముగా వసతిగృహమున చేర్చి చదువునకు పంపును. ఆ ధిక్కారమునకు దెబ్బలు తినును. జోగినీ దురాచారమును 1988లో చట్టము నిషేధించినది. కాని పల్లెలో దానినెదిరించుటకు ఎంత మూల్యము చెల్లింపవలసియుండెనో ఈ కథ చెప్పును. ఇంకొక కథలో బడెయ్య యను బాలుడు తల్లికి చెప్పులు కుట్టును. ఊరందరికి చెప్పులు కుట్టు కులమున పుట్టిన తల్లి వట్టికాళ్లతో ముళ్లలో నడచుటను ఆ పిల్లవాడు ఓర్వజాలడు.

ముందుతరపు తల్లులను ఇట్లు తలచుకొన్నవారు అమెరికాలోను గలరు. నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ 1944లో జార్జియా రాష్ట్రమున పాలికాపుల యింట పుట్టి, మిసిసిపీలో పౌరహక్కులకై పనిచేసిరి. ఆమెకు పూర్వురాలైన జోరా నీల్ హర్‌స్టన్ 1960లో పేదరికమున మరణింపగా, సమాధికి గుర్తైనను లేకపోయెను. 1973లో వాకర్ ఫ్లారిడాకు పోయి, ఆ చోటు వెదకి, శిల నిలిపించిరి.

శ్యామలగారు చేసినదియు ఇట్టి పనియే. 1921 మొదలు 2002 వరకు దళితస్త్రీలు వ్రాసిన రచనలను ‘నల్లపొద్దు’ అను సంకలనమున చేర్చి, తాడి నాగమ్మగారి వంటి తొలినాటి రచయిత్రులను మనకు మరల చూపిరి. శాసనసభకు ఉపసభాపతియైన టి.ఎన్. సదాలక్ష్మిగారి జీవితకథను ‘నేనే బలాన్ని’ అను పేరుతో 2011లో వెలువరించిరి.

సోదరీమణులారా! మన యింటి పనికి వచ్చు స్త్రీ ఏ యూరినుండి వచ్చినదో, ఆమె బిడ్డ ఏ తరగతి చదువుచున్నదో మనలో నెందరెరుగుదుము? ఆరేండ్లుగా మా వాకిలి ఊడ్చుచున్న ఆమెను మేమును ఈ కథలు చదివిన పిదపనే అడిగితిమి. కూతురు పదవ తరగతి పరీక్షకు కూర్చొనబోవుచున్నదట. ఇన్నేండ్లు అడుగకుండుట మాకే సిగ్గనిపించినది. పుస్తకమును ఆ బాలికకిచ్చితిమి. రాత్రులందు తల్లికి చదివి వినిపించుచున్నదట. మీరును చదువుడు, చదివి, మీ యింట అడుగవలసిన మాటను అడుగుడు.