చోదకుడు లేని కారుకి తాళం ఎవరు వేస్తారు?

దుబాయి మెట్రో రైలు ముందు కొసన నిలబడి అద్దంలోంచి చూస్తే పట్టాలు కనిపిస్తాయి కాని, రైలుని నడిపే మనిషి కనిపించడు. 2009 సెప్టెంబరు 9న మొదలైన ఈ రైళ్ళకి చోదకుడు లేడు. కొత్తలో వింతగా చూసిన జనమే ఇప్పుడు తల ఎత్తకుండా సెల్ ఫోను చూసుకుంటూ ప్రయాణం చేస్తున్నారు. మరి రైలుని అంత తేలిగ్గా నమ్మినవాళ్ళు చోదకుడు లేని కారు అనేసరికి ఎందుకు వెనకాడతారు?

వెనకాడడంలో న్యాయం ఉంది. రైలుకి పట్టాలు ఉన్నాయి, చుట్టూ కంచె ఉంది, అడ్డం వచ్చేవాడు లేడు. కారుకి ఇవేవీ లేవు. దాని ముందుకి ఎప్పుడు ఏది వస్తుందో ఎవరూ చెప్పలేరు. అయినా దుబాయి పాలకులు 2030 నాటికి నగరంలో జరిగే ప్రయాణాలలో 25 శాతం స్వయంచోదక వాహనాలలోనే జరగాలని 2016లో లక్ష్యం పెట్టుకున్నారు. అబూ ధాబీలోని యాస్ దీవిలో 2021 నుంచి ఇటువంటి టేక్సీలు తిరుగుతున్నాయి. మొదట్లో వాటిలో జాగ్రత్త కోసం ఒక మనిషి కూర్చునేవాడు. 2025 నవంబరులో ఆ మనిషి కూడా లేకుండా డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకోవడం మొదలయింది.

ఈ కారు ఎలా "చూస్తుంది"? దానికి మూడు రకాల కళ్ళు. మొదటిది మనకి తెలిసిన కెమెరా. రెండవది రేడియో తరంగాలతో పనిచేసే రేడార్. మూడవది లైడార్, ఇది లేజరు కాంతిని తునకలుగా విసిరి, అవి దేనికైనా తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. 60 మీటర్ల దూరంలో ఉన్న ఒంటెకి తగిలి కాంతి తిరిగి రావడానికి సెకండులో పది లక్షల వంతులో సగం కూడా పట్టదు. ఒక కన్ను మసకబారితే మరొకటి ఆదుకోవాలని మూడూ పెడతారు. ఎడారి దేశంలో ఇది చాలా ముఖ్యం. 2008 మార్చిలో అబూ ధాబీ - దుబాయి రహదారి మీద పొగమంచులో రెండు వందల దాకా బళ్ళు ఒకదానినొకటి గుద్దుకున్నాయి. అటువంటి మంచులో, దుమ్ములో కెమెరా, లైడార్ తడబడతాయి. రేడార్ చాలావరకు నిలుస్తుంది.

చూసినది ఏమిటో తేల్చుకోవడం కృత్రిమ మేధ పని. మనిషి ఎలా ఉంటాడో, సైకిలు ఎలా ఉంటుందో సూత్రాలు రాసి ఇవ్వరు. లక్షల బొమ్మలు చూపించి నేర్పుతారు. కనుక దానికి తెలిసినది చూసినంత మేరకే. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ నగరంలో ఊబర్ వారి ప్రయోగపు కారు రాత్రివేళ సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని గుద్ది చంపింది. ఆ కారు ఆమెని 5 సెకండ్లకి పైగా ముందే కనిపెట్టింది. కాని తెలియని వస్తువు అని ఒకసారి, వాహనం అని ఒకసారి, సైకిలు అని ఒకసారి అనుకుంటూ కాలం గడిపేసింది. దాటే చోటు కాని చోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే దాని రచనలో లేదని తరువాత దర్యాప్తులో తేలింది.

ఇది క్షేమానికి సంబంధించిన సంగతి. ఇంగ్లీషులో సేఫ్టీ వేరు, సెక్యూరిటీ వేరు. మనం రెండింటినీ "భద్రత" అనేసి ఊరుకుంటాం. ఈ వ్యాసం వరకు సేఫ్టీని క్షేమం అనీ, సెక్యూరిటీని రక్షణ అనీ అంటాను. పొరపాటు నుంచి కాపాడేది క్షేమం. దురుద్దేశం నుంచి కాపాడేది రక్షణ. మెట్ల మీద జారకుండా పెట్టిన కమ్మీ క్షేమం, వీధి తలుపుకి వేసిన తాళం రక్షణ.

తాళం లేకపోతే ఏమవుతుందో 2015లో తెలిసింది. చార్లీ మిల్లర్, క్రిస్ వేలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూర్చుని, రహదారి మీద పోతున్న ఒక జీపు చెరొకీని లొంగదీసుకున్నారు. లోపల ఉన్న విలేఖరికి ముందే చెప్పి చేసిన ప్రయోగమే కాని, కాలు నొక్కినా బండి వేగం అందుకోకపోయేసరికి అతనికి చెమటలు పట్టాయి. వాళ్ళు దూరినది పాటలు వినిపించే పెట్టెలోంచి! ఆ పెట్టెకి సెల్ ఫోను నెట్‌వర్కుతో సంబంధం ఉంది. ఆ కంపెనీ 14 లక్షల వాహనాలని సరిదిద్దడానికి వెనక్కి పిలవవలసి వచ్చింది.

పాటల పెట్టెకీ బ్రేకుకీ ఏమిటి చుట్టరికం? కారులోని చిన్న చిన్న కంప్యూటర్లు అన్నీ ఒకే తీగ మీద మాట్లాడుకుంటాయి. 1980లలో బాష్ కంపెనీ రూపొందించిన ఈ పద్ధతి ఊళ్ళో టముకు వేయడం లాంటిది. కబురు అందరికీ వినిపిస్తుంది, వేయించినది మునసబో మరొకడో ఎవరూ అడగరు. బయటివాడు ఊళ్ళోకి రాలేని రోజుల్లో అది చాలింది. ఈనాడు చాలా కార్లకి ఇంటర్నెట్టు అనే వీధి గుమ్మం ఉంది.

లోపలికి దూరకుండానే మోసం చేసే దారులూ ఉన్నాయి. 2020లో మెకఫీ సంస్థ పరిశోధకులు వేగపరిమితి 35 అని రాసి ఉన్న పలక మీద 3 అంకెకి చిన్న నల్లటి అతుకు వేశారు. మనకి అది 35 లాగే కనిపిస్తుంది. పాత నమూనా టెస్లా దానిని 85 అని చదువుకుంది. మరొకటి ఉపగ్రహాల సంకేతాలని చెడగొట్టడం. 2025 జూనులో ఇరాన్, ఇజ్రాయెల్ పోరాడుకున్న రోజుల్లో మన పక్కనే ఉన్న హొర్ముజ్ జలసంధిలో వందల కొద్దీ ఓడలకి తామెక్కడున్నదీ సరిగా తెలియలేదు. అందుకే మంచి స్వయంచోదక కారు ఉపగ్రహాన్ని ఒక్కదాన్నే నమ్ముకోదు. చక్రాలు తిరిగిన లెక్క, లైడార్ చూసిన గోడలు, తన దగ్గరున్న పటం, అన్నీ సరిపోల్చుకుంటుంది. ఒక సాక్షి అబద్ధమాడితే మిగిలిన సాక్షులు పట్టిస్తారు.

తాళాలు తయారవుతున్నాయి. బ్రేకు ఉన్న తీగని పాటల తీగ నుంచి వేరు చెయ్యడం, కంపెనీ ముద్ర లేని కొత్త ప్రోగ్రాముని కారు ఒప్పుకోకపోవడం వాటిలో ముఖ్యమైనవి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2020లో వాహనాల సైబర్ రక్షణకి 155వ నిబంధన వచ్చింది. దుబాయి 2023లో స్వయంచోదక వాహనాలకని 9వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం నష్టం జరిగితే ముందు పరిహారం ఇవ్వవలసినది వాహనాన్ని నడిపించే సంస్థ. అసలు తప్పు మరొకరిదైతే వాళ్ళ దగ్గర తరువాత రాబట్టుకోవచ్చు. దెబ్బ తిన్నవాడు కంప్యూటరు రాసినవాడిని వెతుక్కుంటూ ఖండాలు దాటనక్కరలేదు. ఇది నాకు నచ్చిన అంశం.

మన వైపు కూడా పని జరుగుతోంది. హైదరాబాదు ఐ.ఐ.టి.లో తిహాన్ అనే పరీక్షా క్షేత్రం 2022లో ప్రారంభమయింది. మన రోడ్ల మీద గేదె, ఆటో, ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మామూలే కదా, ఆ పాఠాలు అక్కడే నేర్పాలి.

చివరగా లెక్కలకి అందని మాట ఒకటి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్టీరింగు పట్టుకుని ఇళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళు ఎందరో. యంత్రం నిద్రపోదు, నిజమే. కాని వాళ్ళు చేసినది చక్రం తిప్పడం ఒక్కటే కాదు. అర్ధరాత్రి దిగిన ఆడపిల్ల గుమ్మంలోకి వెళ్ళేదాకా ఆగి చూసిన చోదకుడు క్షేమం, రక్షణ రెండూ తానే అయ్యాడు. అతని పని కారుకి అప్పగించేవారు అతని బాధ్యతని కూడా ఎవరికో ఒకరికి, పేరు పెట్టి మరీ అప్పగించాలి. ఆ పేరేదో తెలిసిన నాడు మనం కారులో కూడా తల ఎత్తకుండా సెల్ ఫోను చూసుకోవచ్చు. అంతవరకూ అడుగుతూ ఉండడమే మన వంతు.