పుట్టి ప్రయాణము

నౌకావిహారమనగానే సముద్రమో గోదావరియో మనకు స్ఫురించును. రాయలసీమవారికి పడవ యేల యని నవ్వువారును కలరు. అయినను కర్నూలు సీమలో తుంగభద్రా కృష్ణల యొడ్డున నుండు జాలరులకు పుట్టి క్రొత్త కాదు.

పుట్టి పెద్ద గంపవంటిది. వెదురు బద్దలను గుండ్రముగా అల్లి, అంచున గట్టి కట్టు వేయుదురు. పూర్వము వెలుపల తోలు తొడిగెడివారు. ఇప్పుడు ప్లాస్టికు పట్టలు కప్పి తారు పూయుచున్నారు. దీనికి ముందు వెనుకలు లేవు. అడుగు చదునుగా నుండుటచే కొద్దిపాటి నీటిలోనైనను తేలును. బండ తగిలినచో కొయ్యపడవ పగులును. వెదురు వంగి మరల నిలుచును. రాళ్లు నిండిన మన నదులకు ఇంతకంటె తగిన వాహనము లేదని నా తలంపు. గాలి వీచినపుడు మాత్రము ఇది నిలువజాలదు. అందుచే జాలరులు వేకువనే బయలుదేరుదురు.

1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ ఇట్టి తోలు పడవలనే చూచి, అవి తిన్నగా పోక తిరుగుచునే యుండునని వ్రాసెను. అతనికి చాలా శతాబ్దములకు పూర్వమే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నగరపు గుండ్రని పడవలను వర్ణించియున్నాడు.

ఆ తిరుగుట యెట్టిదో మాకును తెలిసినది. ఒక వేసవిలో మేము నలుగురు మిత్రులము సంగమేశ్వరము నుండి సిద్ధేశ్వరము దిక్కునకు పుట్టిలో బయలుదేరితిమి. మాలో లెక్కల మాస్టరొకడు తెడ్డు పుచ్చుకొనెను. పుట్టి ఉన్నచోటనే మూడు చుట్లు తిరిగెను. “వృత్తమును చక్కగా గీచితివయ్యా!” అని మేము నవ్వితిమి. తెడ్డును ప్రక్కన కాక ముందువైపున వేసి, నీటిని తనవైపునకు లాగుకొనవలెనని పుట్టివాడు చూపెను.

ఇరువైపుల ఎండకు కాలిన బండలే. వానిపై నీరు తగ్గుచు వచ్చిన చారలు మెట్లవలె కనబడుచుండెను. శ్రీశైలము జలాశయపు నిండు మట్టము 885 అడుగులు. అది సుమారు 840 అడుగులకు దిగినగాని సంగమేశ్వరుని గర్భగుడి బయటపడదు. 1981లో నీరు నిలిపినపుడు నదికి ఇరుప్రక్కల వందకు పైగా గ్రామములు మునిగినవి.

అంతవరకు మాటలాడుచున్న మా మిత్రుడొకడు “అటు త్రిప్పు నాయనా” అనెను. అచట మొండిగోడలును, ఒండ్రులో సగము దిగబడిన రోలొకటియు కనబడినవి.

“మా వల ఏటేటా దీనికే తగులుకుంటాది సామీ. ఏ రాయో అనుకొంటిమి” అనెను పుట్టివాడు.

“రాయి కాదప్పా. మా యమ్మ రోలు.”

అతడు దిగి, రోటిలోని ఒండ్రును చేతితో తీసివేయసాగెను. ఎండ ముదురుచుండెను. గాలి లేచునేమోయని పుట్టివాడు పలుమారు ఆకాశము వంక చూచెనే కాని, పోదమని మాత్రము అనలేదు.