సైకిల్ గిర్ర పదిలం

సైకిల్‌కు పెట్రోలు పోయనక్కర లేదు. టికెట్టు కొననక్కర లేదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడనక్కర లేదు. బడికి పోయే పిల్లకు సైకిలే బస్సు. పాలు పోసే అక్కకు సైకిలే బండి. కూలికి పోయే మనిషికి సైకిలే కాళ్లు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబర్ 11న వేరే జిల్లాలయ్యాయి. జనగామలో రైలు స్టేషను ఉంది, మార్కెట్ యార్డు ఉంది. మహబూబాబాద్ చుట్టూ తండాలున్నాయి. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. ఈ ఊళ్లలో ఇప్పుడు మోటారు సైకిళ్లు పెరిగాయి. అయినా పేదింటి గోడకు ఆనించిన సైకిల్ ఇంకా కనబడుతూనే ఉంది.

సైకిల్ మీద ఒక్కరే పోతే ఒక తీరు. గుంపుగా పోతే ఇంకో తీరు. గుంపుగా పోతే ధైర్యం ఉంటది, ముచ్చట ఉంటది. కాని గుంపులో పోయినప్పుడే కొందరి సైకిల్ గిర్రలు మాయమైతయి. అది ఎట్లా జరుగుతది? దాన్ని ఎట్లా ఆపాలి? తెలుసుకుందాం.

గుంపుగా సైకిల్ తొక్కడం

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. అక్కడ 1991లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. ఆడవాళ్లు చదువుతో పాటు సైకిల్ కూడా నేర్చుకోవాలని ఆమె అన్నారు. సైకిల్ కొనుక్కోవడానికి బ్యాంకులతో అప్పులిప్పించారు. కూలి తల్లులు, క్వారీలో రాళ్లు కొట్టే ఆడవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు సైకిల్ ఎక్కారు. ఆడవాళ్ల సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లు కూడా కొన్నారు. ముందు కడ్డీ మీద పిల్లను కూచోబెట్టుకోవచ్చని కొందరు అవే బాగున్నాయన్నారు. మొదట నవ్విన ఊరు తర్వాత నోరు మూసుకుంది. వందల మంది ఆడవాళ్లు బెల్లులు కొట్టుకుంటూ ఊరేగింపుగా పోయారు.

ఇప్పుడు కూడా సైకిల్ ర్యాలీలు జరుగుతున్నాయి. జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినంగా ఐక్యరాజ్య సమితి 2018లో ప్రకటించింది. 2024 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఆదివారం పూట సైకిల్ తొక్కే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇవి కాక శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరకో, పాలకుర్తి సోమేశ్వరుని గుట్టకో, కాళేశ్వరానికో నలుగురు దోస్తులు కలిసి సైకిళ్ల మీద పోవచ్చు. సంఘం మీటింగుకు పది మంది అక్కలు కలిసి పోవచ్చు.

పోయినంక సైకిళ్లన్నీ ఒక్క జాగలో నిలబెడతారు. లోపల మీటింగో, దర్శనమో, బువ్వో. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది.

గుంపులో దొంగకు ఎట్లా చిక్కుతది?

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది అని సామెత. పది మంది సైకిళ్లు ఒక్క దగ్గరుంటే, పక్కామె చూస్తుందిలే అని ఒకామె అనుకుంటుంది. పక్కామె కూడా అట్లనే అనుకుంటుంది. ఆఖరికి ఎవ్వరూ చూడరు.

ఇంకొక సంగతి. వచ్చిన వాళ్లంతా ఒకరికొకరు తెలిసి ఉండరు. ఒక మనిషి పానా పట్టుకుని సైకిల్ దగ్గర కూచున్నాడనుకోండి. చూసేవాళ్లు ఏమనుకుంటారు? పాపం, సైకిల్ చెడిపోయినట్టుంది, బాగు చేసుకుంటున్నాడు అనుకుంటారు. నీ సైకిలేనా అని ఎవరూ అడగరు.

మూడో సంగతి. మీటింగు ఎప్పుడు అయిపోతదో అందరికీ తెలుసు. దొంగకూ తెలుసు. అంతసేపు వాడికి తీరికే.

సైకిల్ వదిలి గిర్ర ఎందుకు?

మామూలు సైకిల్‌కు వెనక గిర్ర మీద గుండ్రటి తాళం ఉంటది. తాళం వేస్తే అది పుల్లల నడుమ నుంచి పోయి గిర్రను పట్టుకుంటది. వెనక గిర్ర తిరగదు, ఊడి రాదు. కాని ముందు గిర్రను పట్టుకునే తాళం లేదు. దాని ఇరుసుకు అటొక నట్టు, ఇటొక నట్టు ఉంటాయి. పానాతో ఆ రెండూ వదులు చేస్తే గిర్ర చేతికి వస్తుంది.

కొత్త రకం గేర్ల సైకిళ్లకు కొన్నింటికి నట్టు కూడా ఉండదు. చిన్న మీట ఉంటుంది. మీట తిప్పితే గిర్ర ఊడుతుంది. ఇటలీలో తుల్లియో కంపాన్యోలో అనే ఆయన 1930 ప్రాంతంలో దీన్ని తయారు చేశారు. ఆయన సైకిల్ పందేల్లో పాల్గొనే మనిషి. పందెంలో గిర్రను తొందరగా మార్చుకోవాలని దాన్ని తెచ్చారు. పందెగాడికి సుళువైంది దొంగకూ సుళువైంది. పానా లేకున్నా దొంగ పని అయిపోతుంది.

సైకిల్ అడుగున ఒక నంబరు కొట్టి ఉంటుంది. గిర్రకు అట్లా గుర్తుపట్టే నంబరు ఉండదు. ఒక సైకిల్ గిర్ర అదే కొలత ఉన్న ఇంకో సైకిల్‌కు పడుతుంది. అందుకే గిర్రను అమ్ముడు సులువు, పట్టుకునుడు కష్టం.

పోయేది గిర్ర ఒక్కటేనా?

గిర్ర అంటే రిమ్ము, పుల్లలు, హబ్బు, టైరు, ట్యూబు. అన్నీ కలిపి కొనాలంటే కూలి మనిషికి కొన్ని రోజుల కూలి పోతుంది. ఆ రోజు ఇంటికి చేరడం ఎట్లా? మూడు కాళ్ల మేకను మోసినట్టు సైకిల్‌ను మోసుకుని పోవాలి. లేకుంటే ఆటో కట్టాలి.

అసలు నష్టం ఇంకొకటి ఉంది. ఇంట్లో మాట పడుతుంది. "అందుకే పోవద్దన్నం" అంటారు. పిల్లకు కొత్త గిర్ర కొనే దాకా బడి ఆగుతుంది. పైసలు దొరకకపోతే బడే మానిపిస్తారు. మీటింగుకు పోయే అక్క మళ్లీ గడప దాటాలంటే భయపడుతుంది. ఒక్క గిర్ర పోతే ఒక ఆడమనిషి తిరుగుడు ఆగిపోవచ్చు. అందుకే ఇది చిన్న విషయం కాదు.

ముందు జాగ్రత్తలు

1. సైకిల్ నంబరు రాసి పెట్టుకోండి. అది పెడళ్ల నడుమ, సైకిల్ అడుగున గాని, సీటు కింద కడ్డీ మీద గాని కొట్టి ఉంటుంది. మట్టి తుడిచి చూడండి. నోటు పుస్తకంలో రాయండి. కొన్న రసీదు దాచండి. మీరు నేర్చిన అక్షరాలు ఇక్కడ అక్కరకు వస్తాయి.

2. గిర్రకు గుర్తు పెట్టండి. రిమ్ము మీద పెయింటుతో మీ పేరులో మొదటి అక్షరం, ఊరి పేరు రాయండి. ఒక చీటీ మీద పేరు, ఊరు రాసి చిన్న ప్లాస్టిక్ సంచిలో చుట్టండి. పంచర్ వేయించినప్పుడు దాన్ని టైరు లోపల రిమ్ముకు అంటించమనండి. పైన పెయింటు చెరిపినా లోపల చీటీ సాక్ష్యం చెబుతుంది.

3. ఒక గొలుసు, ఒక తాళం కొనండి. గొలుసును ముందు గిర్ర పుల్లల నుంచి, సైకిల్ కడ్డీ నుంచి తీసి స్తంభానికో చెట్టుకో కట్టండి. గిర్రకు మాత్రమే కడితే గిర్ర మిగిలి సైకిల్ పోతుంది. కడ్డీకి మాత్రమే కడితే సైకిల్ మిగిలి గిర్ర పోతుంది. రెండింటినీ కలిపి కట్టాలి.

4. స్తంభం లేకపోతే జోడీ కట్టండి. రెండు సైకిళ్లను పక్కపక్కన, ఒకటి ఇటు ముఖం, ఒకటి అటు ముఖం నిలబెట్టండి. ఒకదాని ముందు గిర్రను రెండోదాని కడ్డీకి కట్టండి. అటు పక్క కూడా అట్లనే కట్టండి. జోడెడ్ల లెక్క రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

5. ఎక్కువ మంది ఉంటే నాలుగేసి సైకిళ్లకు ఒక గొలుసు వేయండి. అన్నింటికీ ఒక్కటే గొలుసు వేస్తే, ఒకామె ముందుగా పోవాలన్నా అందరినీ లేపాలి. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ నలుగురికీ తెలియాలి.

6. కావలికి వంతులు పెట్టుకోండి. అరగంటకు ఇద్దరు. ఎవరి తర్వాత ఎవరో కాగితం మీద రాయండి. వంతు లేని కావలి కావలి కాదు. మీటింగు పెట్టే వాళ్లను కూడా అడగండి: సైకిళ్లకు జాగ ఏది? చూసేది ఎవరు?

7. మీట ఉన్న సైకిల్ అయితే షాపులో అడిగి మీట బదులు నట్టు వేయించుకోండి.

మళ్లీ ఎక్కే ముందు చూడండి

దొంగ ఒక్కోసారి నట్టు వదులు చేస్తాడు. ఎవరో వస్తే వదిలేసి పోతాడు. గిర్ర పోలేదు గదా అని మీరు ఎక్కుతారు. తోవలో గుంత తగిలితే గిర్ర ఊడుతుంది. మనిషి ముఖం మీద పడుతుంది. గిర్ర పోవడం కన్నా ఇది ప్రమాదం.

అందుకే ఎక్కే ముందు సైకిల్ ముందు భాగం లేపండి. గిర్రను అటు ఇటు ఊపి చూడండి. రెండు నట్లూ చేత్తో తిప్పి చూడండి. చేత్తోనే తిరిగితే అది వదులైనట్టు. పానాతో బిగించే దాకా ఎక్కొద్దు. గుంపులో ఒకరి దగ్గరన్నా పానా ఉండాలి.

గిర్ర పోతే ఏం చేయాలి?

మొదట చుట్టుపక్కల అడగండి. దుకాణం మీద కెమెరా ఉంటే చూపించమనండి. దగ్గరలోని సైకిల్ షాపులకు చెప్పండి. తర్వాత పోలీసు స్టేషనుకు పోండి. ఒక్కరే పోవద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి.

2024 జూలై 1 నుంచి దేశంలో కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారం దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అయితే సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దొంగకు అది మొదటి తప్పు అయితే వేరే పద్ధతి ఉంది. వాడు సొత్తును గాని, దాని విలువను గాని తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ చేసే శిక్ష వేస్తారు.

ఇట్లాంటి చిన్న దొంగతనంలో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అట్లా అన్నారని ఊరికే తిరిగి రావద్దు. మీరు చెప్పింది స్టేషను పుస్తకంలో రాయమనండి. ఫిర్యాదు అందినట్టు రసీదు అడగండి. ఎక్కువ మంది గిర్రలు పోతే అందరివీ రాసివ్వండి.

పెద్ద దొంగతనం అయితే ఎఫ్.ఐ.ఆర్. రాయాలి. నోటితో చెప్పినా పోలీసులు రాసుకోవాలి. రాసింది చదివి వినిపించాలి. ఆ తర్వాతే మీరు సంతకం చేయాలి. దాని నకలు పైసలు లేకుండా ఇవ్వాలి. జరిగింది ఏ స్టేషను కిందికి వచ్చినా, ఏ స్టేషనులోనైనా చెప్పవచ్చు. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్.పి.కి పోస్టులో రాసి పంపవచ్చు. జనగామ వాళ్లు వరంగల్ పోలీసు కమిషనరుకు రాయాలి.

ఫిర్యాదు ఇట్లా రాయవచ్చు:

ఎస్.ఐ. గారికి,
............ పోలీసు స్టేషను.
అయ్యా,
నా పేరు ............ . మాది ............ గ్రామం. ............ తారీకు నాడు ............ గంటలకు ............ దగ్గర నా సైకిల్ నిలబెట్టాను. ............ గంటలకు వచ్చి చూస్తే ముందు గిర్ర లేదు. సైకిల్ రంగు ............ . సైకిల్ నంబరు ............ . గిర్ర మీద ............ అని గుర్తు ఉంది. దాని విలువ సుమారు ............ రూపాయలు. విచారణ చేసి నా గిర్ర నాకు ఇప్పించగలరు.
సంతకం

అనుమానంతో కొట్టవద్దు

గిర్ర పోయిన కోపంలో కొత్త మనిషి ఎవరు కనబడితే వాణ్ణి పట్టుకుంటారు. చెట్టుకు కట్టేసి కొడతారు. అది తప్పు, నేరం కూడా. దొంగ దొరికినా పోలీసులకు అప్పగించాలి. 112కు ఫోను చేయాలి.

కులాన్ని చూసి, గూడెం చూసి, తండాను చూసి అనుమానించడం ఇంకా తప్పు. 1871లో ఇంగ్లీషు సర్కారు కొన్ని కులాల వాళ్లు పుట్టుకతోనే నేరస్తులని చట్టం చేసింది. ఎరుకల వాళ్లు కూడా ఆ ముద్ర మోశారు. స్వతంత్రం వచ్చినంక 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా కొందరి మనసులో ముద్ర పోలేదు. దొంగతనం మనిషి చేస్తాడు, కులం చేయదు.

అగ్గువకు వచ్చిందని కొనవద్దు

దొంగ గిర్రను ఎవరో ఒకరు కొంటేనే దొంగకు లాభం. కొనేవాళ్లు లేకపోతే గిర్రతో వాడు ఏం చేసుకుంటాడు? సగం ధరకు గిర్ర తెస్తే "ఎక్కడిది? రసీదు ఏది?" అని అడగండి. దొంగ సొత్తు అని తెలిసి కొన్నా, తెలుసుకునే వీలుండి కళ్లు మూసుకుని కొన్నా నేరమే. దానికి కూడా మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఈ రోజు మీరు అగ్గువకు కొన్న గిర్ర ఇంకో ఊరి పిల్ల బడికి పోయే గిర్ర కావచ్చు.

దొంగలున్నారని సైకిల్ మానవద్దు. గుంపుగా పోవడం మానవద్దు. గొలుసు వేయండి, గుర్తు రాయండి, వంతు పెట్టండి. సైకిల్ బయటికి తీయండి.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఎంత మంది ఆడవాళ్లకు సైకిల్ వచ్చు? రానివాళ్లకు ఎవరు నేర్పవచ్చు?
2. గుంపులో సైకిళ్లను ఎవ్వరూ చూడరు. ఎందుకు?
3. గొలుసును గిర్రకు మాత్రమే కడితే ఏమవుతుంది?
4. గిర్ర పోయిందని ఒక పిల్లను బడి మానిపించారు. మీ సంఘం ఏం చేయవచ్చు?

రాయండి

మీ ఇంట్లో సైకిల్ ఉంటే దాని నంబరు చూసి ఇక్కడ రాయండి: ........................