దుమ్ము పడదు

వరికోతలయ్యాక తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లెల్లో కుప్పనూర్పిళ్లు మొదలవుతాయి. ఒకే కళ్లంలో అన్నదమ్ములిద్దరూ పనిచేస్తారనుకోండి. అన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నానికి కూర్చుంటాడు. తమ్ముడు ఆ రాత్రి పడుకోలేక గోడకానుకుని కూర్చుంటాడు, ఛాతీలో పిల్లికూతలు. ‘వాడికి దుమ్ము పడదు’ అంటారు ఇంట్లో. మాట సరైనదే. ఎందుకు పడదన్నదే ప్రశ్న.

కళ్లం దుమ్ములో ఊక నూగుతో పాటు బూజు బీజాలూ ఉంటాయి. ఇంటికొస్తే, దూది పరుపులో కంటికి ఆనని డస్ట్ మైట్లు. ఇవి నీళ్లు తాగవు. గాలిలోని తేమను పీల్చుకుని బతుకుతాయి. సముద్రం పక్కనున్న బాపట్లలో వాటికి లోటేముంది!

వీటిలోని ప్రోటీన్ల మీదికి తమ్ముడి శరీరం ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేస్తుంది. 1966-67లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ దీన్ని విడివిడిగా కనుగొన్నారు. శ్వాసనాళాల గోడల్లోని మాస్ట్ కణాల మీద ఇది కాపు కాస్తుంటుంది. పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒకే ప్రోటీను కలిపి పట్టుకుందంటే చాలు, కణం హిస్టమిన్‌ను కుమ్మరిస్తుంది, నాళాలు బిగుసుకుంటాయి. అన్న ఒంట్లో మాత్రం నియంత్రక టీ-కణాలు ఇంటర్‌ల్యూకిన్-10 వంటి పదార్థాలతో ఈ రభసను ముందే అణిచేస్తాయి. దీన్నే రోగనిరోధక సహనం అంటారు.

ఆ సహనాన్ని తమ్ముడికి నేర్పవచ్చా? 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఇంజెక్షన్లిచ్చి దారి చూపాడు. ఇలా కొలిచి ఇస్తూ పోతే నియంత్రక కణాలు పుంజుకుంటాయి. బీ-కణాలు ఐజీజీ4 అనే వేరే యాంటీబాడీని తయారుచేస్తాయి. ప్రోటీను ఐజీఈని చేరేలోపే ఇది అడ్డంపడి పట్టేస్తుంది. తాను మాత్రం మాస్ట్ కణాన్ని రెచ్చగొట్టదు. తమాషా ఏమిటంటే, మొదటి నెలల్లో ఐజీఈ తగ్గకపోగా పెరుగుతుంది. ఆ ఒక్క రక్తపరీక్ష చూసి మందు పనిచేయలేదనుకోవడం తొందరపాటే.

మరి ఏటా అదే దుమ్ము పీల్చేవాడికి అదే అలవాటు కావద్దూ? కాదు. కళ్లం దుమ్ముకు కొలత లేదు. పైగా అప్పటికే వాచిన నాళాల మీద పడుతుంది.

ఈ చికిత్స కనీసం మూడేళ్లు సాగాలి. ఉబ్బసం అదుపులో లేనివారికి మొదలుపెట్టరు. ప్రతి ఇంజెక్షన్ తర్వాతా అరగంట ఆస్పత్రిలోనే కూర్చోవాలి. ఈలోగా డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను మీ అంతట మీరు మానేయకండి.