ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలి?

“సిస్టర్ గారూ, బరువులతో వ్యాయామం చెయ్యమన్నారు డాక్టరు గారు. ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలి?” షుగరుకి, మోకాళ్ళ నొప్పులకి మన ఆసుపత్రికి వచ్చేవారు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఇది. కొందరు ఇంట్లో కుర్రవాళ్ళు కొన్న 5 కిలోల డంబెల్‌ను మొదటి రోజే ఎత్తి, భుజం పట్టేసిందని వస్తారు. మరికొందరు “ఈ వయసులో మాకెందుకమ్మా” అని దాని జోలికే వెళ్ళరు. ఇద్దరికీ మేము చెప్పేది ఒకటే. ముందు కిలోలు చూడకండి, ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కపెట్టండి.

ఈ లెక్క ఆసుపత్రి నుంచి వచ్చిందే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో థామస్ డిలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు, కాళ్ళు బలహీనపడిన సైనికులకు బరువులతో వ్యాయామం చేయించి, ఆ అనుభవాన్ని 1945లో ప్రచురించారు. రోగి పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువే ఆయనకు కొలత. తరువాత ఆ బరువులో మొదటి విడత సగం, రెండవ విడత ముప్పావు, మూడవ విడత పూర్తిగా ఎత్తించే పద్ధతి వచ్చింది. అంటే ఎవరి బరువు వారి శక్తిని బట్టే నిర్ణయమవుతుంది.

వయసు మీరినవారికి ఇది పనికిరాదనుకోవద్దు. అమెరికాలోని బోస్టన్‌లో 90 ఏళ్ళ ప్రాయంలో ఉన్న పదిమంది వృద్ధులకు పర్యవేక్షణలో కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. మొదటి వారం, వారు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో సగమే ఇచ్చారు. 8 వారాలకు వారి కాళ్ళ బలం సగటున రెండున్నర రెట్లు దాటిందని 1990లో ప్రచురించారు. కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేవడం, స్నానాల గదిలో పడిపోకుండా ఉండడం ఈ బలం మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంట్లో ఇలా ప్రారంభించండి. లీటరు నీళ్ళు కిలో బరువు. లీటరు సీసాలో సగం నీళ్ళు పోసి, కుర్చీలో నిటారుగా కూర్చుని, మోచెయ్యి మడుస్తూ నెమ్మదిగా ఎత్తండి, ఇంకా నెమ్మదిగా దించండి. 12 సార్లు ఎత్తాక “ఇంకో రెండు మూడుసార్లు ఎత్తగలను” అనిపిస్తే అది మీకు తగిన బరువు. 20 సార్లు కూడా సులువుగా వస్తే నీళ్ళు కలపండి. ఎనిమిదికే నడుము ఊగినా, ఊపిరి బిగబట్టవలసి వచ్చినా కొంచెం పారబోయండి. చేతికి సరిపోయిన బరువు భుజం పైకి ఎత్తడానికి ఎక్కువ కావచ్చు. కాబట్టి ప్రతి వ్యాయామానికీ వేరుగా చూసుకోండి. కాళ్ళకైతే మొదట్లో మన ఒంటి బరువే చాలు. కుర్చీలోంచి లేచి కూర్చోవడమే వ్యాయామం.

రెండు వారాలు అదే బరువుతో చెయ్యండి. తరువాత వరుసగా రెండు రోజులు 12 సార్లు తేలికగా వస్తే, పదో వంతుకు మించకుండా పెంచండి. అంటే అరకిలోకు 50 గ్రాములు. డంబెల్స్‌లో ఒక కిలో నుంచి రెండుకు వెళితే బరువు ఒకేసారి రెట్టింపవుతుంది. అందుకే కొత్తవారికి సీసాయే మేలు. కండరాల కన్నా వాటిని ఎముకకు పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు గట్టిపడడానికి ఎక్కువ కాలం పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినట్లు వారానికి కనీసం 2 రోజులు చెయ్యండి. మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వండి.

ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. బిగబడితే బి.పి. ఒక్కసారిగా పెరుగుతుంది. మర్నాడు కండరాలు కాస్త నొప్పిగా ఉండడం సహజమే. కీలులో పొడిచినట్లు నొప్పి వచ్చినా, ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం కలిగినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకోండి.

గుండె జబ్బు, అదుపులో లేని బి.పి., షుగరు వల్ల కంటిలో రక్తస్రావం, హెర్నియా ఉన్నవారు, ఈ మధ్య ఆపరేషను అయినవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. ఇన్సులిన్ తీసుకునేవారు పరగడుపున చెయ్యవద్దు.

ఈసారి పరీక్షకు వచ్చినప్పుడు మీ సీసా కూడా వెంట తెచ్చుకోండి. మీరు ఎత్తుతుంటే మేము చూసి, బరువు సరిపోయిందో లేదో చెబుతాము.