కాలినడకలో కలిసిన నేస్తం
యాత్రికుల వెంట నడిచే కుక్కను నడిదారిలో వదలవద్దు

మొగల్తూరు: కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదలేమని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. కానీ కుక్క తోడుగా వందల కిలోమీటర్లు నడిచినవారు మాత్రం ఉన్నారు.

కార్తీక మాసం వచ్చిందంటే మొగల్తూరు మీదుగా పేరుపాలెం సముద్ర స్నానాలకు వెళ్లే జనంతో రోడ్డు కిటకిటలాడుతుంది. బస్సులు, ఆటోలు ఎక్కేవారు ఎక్కగా, వీపున సంచి తగిలించుకుని తెల్లవారుజామునే నడక సాగించే కుర్రకారూ ఉంటారు. ఆ వెంటనే అయ్యప్ప మాలలు, ధనుర్మాసంలో ద్వారకా తిరుమల పాదయాత్రలు. ఊరు దాటేసరికి ముక్కూ ముఖం తెలియనివారు కూడా నేస్తాలైపోతారు. టీ కొట్టు దగ్గర ఒక బిస్కెట్ ముక్క విసిరితే చాలు, మరో నేస్తం తోక ఊపుకుంటూ వెనుక బయలుదేరుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

2019 అక్టోబరు 31న తిరుమల నుంచి శబరిమలకు 13 మంది అయ్యప్ప భక్తులు కాలినడకన బయలుదేరారు. దారిలో ఒక వీధికుక్క వారి వెంటబడింది. మొదట ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అయితే ఏ మజిలీలో చూసినా అది వెనుకనే ఉంది. ఇక తాము వండుకున్నదే దానికీ ఒక ముద్ద పెట్టడం మొదలుపెట్టారు. నవంబరు మధ్యకల్లా వారు కర్ణాటకలోని చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార చేరారు. అప్పటికి ఆ కుక్క నడిచిన దూరం 480 కిలోమీటర్లని పత్రికలు రాశాయి. మధ్యలో రెండుసార్లు దాని కాలికి గాయమైతే పశువైద్యునికి చూపించారు. చెప్పుల్లేకుండా నడిచే స్వాములు, తమ కాళ్లకంటే ముందు కుక్క కాలు చూసుకోవలసి వచ్చిందన్నమాట.

ఈ కథ వినగానే పెద్దవారికి భారతం గుర్తుకు రావడం సహజం. మహాప్రస్థానంలో తమ్ములూ ద్రౌపదీ ఒక్కొక్కరే పడిపోగా, చివరిదాకా ధర్మరాజు వెంట నడిచింది కుక్కే. దాన్ని వదిలి రథమెక్కమని ఇంద్రుడు చెబితే, ఆశ్రయించినదాన్ని విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు మొండికేశాడు. పురాణం విని తల ఊపేవారిలో ఎందరు, పేరుపాలెంలో బస్సెక్కేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తున్నారు?

కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలోనే. ఒంటి వేడి తగ్గించుకోవడానికి అది నాలుక చాపి ఒగర్చవలసిందే. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపిస్తే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి అయిదారు సెకన్లు ఉంచలేకపోతే, ఆ రోడ్డు కుక్కకు పనికిరాదని గుర్తు. చల్లపూట నడిచి, ఎండపూట కొబ్బరి తోటల్లో ఆగడం అందరికీ మంచిదే. సముద్రం దగ్గర మరో ఇబ్బంది. దాహానికి ఉప్పునీళ్లు తాగిన కుక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అందుకని సంచిలో ఒక సీసా మంచినీళ్లు దాని వాటాగా ఉండాలి. పెరుగన్నం పెట్టవచ్చు. ఉల్లిపాయ, చాక్లెట్ మాత్రం దానికి విషం.

ప్రతి ఊరి కుక్కలకూ పొలిమేర ఉంటుంది. కొత్త కుక్క కనబడితే వీధి కుక్కలన్నీ ఒక్కటవుతాయి. రొయ్యల చెరువుల గట్ల మీది కాపలా కుక్కల సంగతి సరేసరి. వాటి మధ్య పోట్లాట విడదీయబోయి మనిషి కరిపించుకోవడం మామూలే. ఆ వేళ కారం, సున్నం, ఆకు పసరు అని కూర్చోరాదు. ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు గాయం కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం వెనుకటి తరానిది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో జబ్బకు వేసే సూదులు కరిచిన రోజున, తర్వాత 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. గాయం లోతుగా ఉంటే సీరం కూడా వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. ఆ వ్యాధికి లూయీ పాశ్చర్ తొలి టీకా వేసిన 1885 జులై 6ను పురస్కరించుకుని, ఏటా ఆ రోజున పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. టీకా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, దారిలో కలిసిన కుక్కకు ఆ పూట సూది వేయించినా నమ్మకం లేదు. కుక్కను వెంట తీసుకెళ్లదలచినవారు నెల ముందే ఆ పని చూసుకోవాలి.

అడవి దారుల్లో కుక్క తోడు ధైర్యమనుకుంటే పొరపాటు. చిరుతకు కుక్క ఇష్టమైన ఎర. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక బాలికను పొట్టనపెట్టుకున్న సంగతి ఎవరూ మరువలేదు.

ఇక తిరుగు ప్రయాణం. రైల్లో కుక్కను గార్డు పెట్టెలో బుక్ చేసి తేవచ్చు. ఆ సౌకర్యం ఉందని తెలిసినవారు తక్కువ, తెలిసినా పూనుకునేవారు మరీ తక్కువ. నరసాపురం నుంచో భీమవరం నుంచో పేరుపాలెం వచ్చినవారు సాయంత్రానికి ఆటో ఎక్కేస్తారు. పొద్దుట్నుంచీ వారి వెంట నడిచిన కుక్క ఆ చక్రాల వెనుక కొంతదూరం పరుగెత్తుతుంది. అది పుట్టిన వీధి అక్కడికి ఎన్నో ఊళ్ల అవతల. మధ్యలో అన్ని పొలిమేరల కుక్కలూ కాచుకుని ఉంటాయి.

అంతదూరం తీసుకువెళ్లే ఉద్దేశం లేనివారు బిస్కెట్ ముక్కను తొలి టీ కొట్టు దగ్గర విసరకపోవడమే దానికి ఉపకారం. తప్పక వెంటబడితే, ఊరు దాటకముందే అయిదు నిమిషాలు వెనక్కి నడిచి, దాని వీధిలో వదిలి రావాలి. అప్పటికే దూరం వచ్చేస్తే ఆటోలో కాళ్ల దగ్గర అంత చోటు దొరక్కపోదు.